పినపాక టీచరు పంపిన కొలతలు

దూరపు నక్షత్రం ముందు నుంచి దాని గ్రహం దాటినప్పుడు వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి గ్రహం ఎంత పెద్దదో అంచనా వేయవచ్చు. హైదరాబాదులో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే నేను, సొంత టెలిస్కోపులున్న కొందరు ఔత్సాహికుల కొలతలన్నీ కలిపి ఇలాంటి అంచనాలు వేస్తుంటాను. పినపాక నుంచి సుజాత అనే ఫిజిక్స్ టీచరు పంపినవి మరీ చెల్లాచెదురుగా ఉన్నాయని పోయిన నెల పక్కన పెట్టేసి, ఆ సంగతి ఆమెకు ఉత్తరం రాశాను. వాటిలో తప్పులేవో చెప్పమని ఆమె అడిగింది. తప్పేదో చూడకుండానే తీసేశానన్న మాట మనసులో మెదులుతూనే ఉండడంతో బయల్దేరాను.

శనివారం రాత్రికి ఖమ్మం చేరి, ఆదివారం ఉదయం ఆరున్నరకు బస్సెక్కి, కొత్తగూడెం మీదుగా మణుగూరులో దిగేసరికి పదిన్నర దాటింది. షేర్ ఆటో నిండేదాకా ఆగలేక మూడు వందలకు ఒక్కడినే మాట్లాడుకున్నాను. ఎదురుగా బొగ్గు లారీలు వచ్చినప్పుడల్లా డ్రైవరు బండి పక్కకు ఆపాడు. “జర ఆగుదాం సార్, ఈ దుమ్ముల ముందేముందో కానరాదు” అన్నాడు.

పినపాకలో సుజాత మొదట భోజనం పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది: మనం వేరే నక్షత్రపు గ్రహాన్ని పట్టుకున్నామని తొమ్మిదో తరగతికి గొప్పగా చెప్పిందట. నా ఉత్తరం చూశాక, మనమే పొరబడ్డామని మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత టెలిస్కోపు బయటికి తీయలేదు. ఆమె నోటుబుక్కు తెరిచాను. కొన్ని కొలతల పక్కన ‘లారీ’, కొన్నిటి పక్కన ‘మంచు’ అని, టైముతో సహా రాసి ఉంది.

“ఇవి ఎందుకు పంపలేదు మేడమ్?”

“మీ ఫారంల దానికి గడి లేదు కద సార్.”

సాయంత్రం నాలుగింటిదాకా ఇద్దరం నా లాప్‌టాప్‌లో లెక్క మళ్లీ వేశాం. దుమ్ము లేచినప్పుడు లారీ అని రాసిన కొలతలను తీసేయకుండా, వాటిని తక్కువ నమ్మాలని లెక్కకు చెప్పాం. మంచు వెలుగును ఎంత తగ్గించిందో కూడా లెక్కలోనే తేల్చాం. అప్పుడు వెలుగు తగ్గుదల స్పష్టంగా బయటపడింది, సరిగ్గా మిగతావాళ్లకు కనబడిన వేళకే. పైగా వాళ్లందరికీ మధ్యలో మబ్బులు పట్టాయి; దాటడానికి ముందు నుంచి దాటిన తర్వాత దాకా చూసింది ఈమె ఒక్కతే. ఆమె కొలతలు కలిపాక తెలిసింది, మేము గ్రహాన్ని ఉన్నదానికంటే కాస్త పెద్దగా అంచనా వేశామని.

ఆమె తెర మీద వెలుగు తగ్గిన చోట వేలు పెట్టింది. “అయితే మా పిల్లలకు చెప్పింది నిజమే” అంది.

పొరపాటు నాదేనని ఒప్పుకున్నాను.

“ఆ ముక్క మీరే చెప్పుండ్రి సార్, రేపు క్లాసుల.”

ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లాలనుకున్నవాణ్ణి మణుగూరు లాడ్జిలో ఉండిపోయాను. తెల్లారి ఆ తరగతి ముందు నిలబడి, మీ టీచరు కొలిచింది సరైనదే, తొందరపడింది నేను అని చెప్పాను. సుజాత వెనక బెంచీ దగ్గర నిలబడి వింది.

చెల్లాచెదురుగా కనబడే కొలతల వెనక ఒక ఊరి గాలీ దారీ, ఒక మనిషి ఓపికా ఉంటాయని ఇన్నేళ్ల పాఠాల్లో నేను చెప్పలేదు. ఇప్పుడు మా ఫారంలో అన్నిటికంటే పెద్ద గడి ‘ఆ సమయంలో ఏం జరిగింది’ అన్నదే. ఆకాశం చూడడానికి ఇటు వచ్చేవారికి ఒక్క మాట: చోటు ఎంచుకునే ముందు, ఆ దారిలో బొగ్గు లారీలు ఏ వేళకు తిరుగుతాయో ఆటోవాళ్లను అడగండి.