కాన్వాయిలో మూడో బండి

నా బండిని నన్నడగకుండా తీసుకుపోయారు. అడగకుండా అనడం కూడా తక్కువే. నా జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కుని తీసుకుపోయారు. పులివెందులలో నామినేషన్ వేయబోతున్న ఒక నాయకుడి కాన్వాయిలో మూడో బండిగా నడిపించుకున్నారు. సాయంత్రం తెచ్చి అప్పజెప్పారు. కడిగి తెచ్చారు. ట్యాంకు నిండా డీజిల్ పోయించి తెచ్చారు. బానెట్ మీద బంతిపూల దండ వేసి తెచ్చారు. అద్దాలన్నిటికీ నల్ల ఫిల్ము కూడా అంటించారు, అదొక మర్యాద అన్నట్టు.

ప్రొద్దుటూరు బాడుగ బండ్ల స్టాండులో ఒక్కడూ దీన్ని అన్యాయమనలేదు. గీత పడలేదు, డీజిల్ మిగిలింది, ఫిల్ము ఊరికే వచ్చింది, ఇంకేం గావాల నీకు అన్నారు. నాకేం కావాలో అప్పుడు వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. కంపెనీ పేరు అక్కరలేదు. ఆ రోజుల్లో మా వైపు జపాను బండి అంటే ఒక్కటే. నిటారుగా, పెట్టెలాగా, అందంలో ధాన్యం గాదెకు చెల్లెలు. కానీ ఎక్కినవాళ్లను దించకుండా దారిలో నిలిచిందని ఎవరూ చెప్పగా వినలేదు.

నేను ఐదో తరగతితో బడి మానినవాడిని. జమ్మలమడుగులో మా నాయన గుంట మగ్గం మీద నేసేవాడు, నేను ఆయన పక్కన తెగిన పోగులు అతికేవాడిని. మగ్గాలు మూలబడ్డాక ప్రొద్దుటూరు వచ్చి స్టీరింగు పట్టాను. మిగతా చదువంతా ఆ ఊరి లైబ్రరీలోనే. బాడుగ లేని పూట అక్కడ కూర్చుని దొరికిందల్లా చదివేవాడిని, అట్టలు ఊడిన పుస్తకాలతో సహా. అట్లాంటి అట్టలేని పుస్తకంలోనే ఒకనాడు ఆ కంపెనీ చరిత్ర కనిపించింది. వాళ్లు మొదట చేసింది కార్లు కాదు. మగ్గాలు.

ఆ వాక్యం దగ్గర లేచి నిలబడ్డాను. లైబ్రరీలో అట్లా ఎవరూ లేవరు. చీమ కుట్టిందా అని అడిగాడు లైబ్రేరియను. మళ్లీ కూర్చుని చదివాను. ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకట. ఇంట్లో తల్లి మగ్గం మీద పడే పాట్లు చూసి మగ్గాన్ని బాగుచేయడానికి జీవితమంతా ధారపోశాడట. ఎన్ని రకాలు చేసినా ఒక రకం దగ్గర నా గుండె ఆగింది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్కటి తెగితే చాలు, ఆ మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. మనిషి చూడనక్కరలేదు. తప్పు గుడ్డ నెయ్యనంటుంది. దాని హక్కులు ఇంగ్లండు వాళ్లకు అమ్మారట. ఆయన కొడుకు మోటారు బండ్ల మీద పడ్డాడట. కార్ల ఫ్యాక్టరీలోనూ అదే పద్ధతి పెట్టారట. ఏ కూలివాడికైనా తప్పు కనిపిస్తే తల మీది తాడు లాగి పని ఆపించవచ్చు, ఎందుకు ఆపావని ఎవరూ తిట్టరు.

ఇదంతా మా ఇంట్లో జరిగినదే! పోగు తెగితే మా నాయన ఆగమనేవాడు. ఆ ఒక్క మాటకు ఇల్లంతా ఆగేది. రాట్నం దగ్గర అమ్మ ఆగేది, నేను గుంటలోకి వంగి పోగు అతికేదాకా నాయన అడ్డపోగు నడిపే నాడె ముట్టేవాడు కాదు. తెగిన పోగు మీద నేసింది గుడ్డ కాదు, అబద్ధం అనేవాడు. మా గుంటలో పుట్టిన మాట సముద్రాలవతల కారైందని నేను లైబ్రరీ నుంచి ఇంటికి దాదాపు పరుగెత్తాను.

మా ఇంటామె చింతపండు పిసుకుతూ అంతా విన్నది.

“మగ్గం చేసినోడు కారు చేసినాడు, సరే. మగ్గం నేసినోడివి నువ్వేం జేస్తావు?”

“ఆ కారు కొంటా,” అన్నాను.

కొన్నాను. ఎట్లా కూడబెట్టానన్నది వేరే గోడు. బంగారు అంగడి షావుకారు ఒకాయన ఆ బండి కొత్తది తెప్పించుకుని, నగరాలలో తిరగడానికి ఇంకొంచెం నాజూకు బండి కావాలని దీన్ని నాకమ్మాడు. తాళంచెవి నా చేతిలో పెడుతూ, “ఇది చెడిపోదప్పా, మనమే చెడిపోవాల,” అన్నాడు. ఆ మధ్యాహ్నమే దాన్ని జమ్మలమడుగుకు తోలాను. అద్దాలన్నీ దించి, పెన్న వైపు గాలి ముఖానికి కొడుతుంటే, ఇంజను శబ్దంలో మా నాయన మగ్గం వినిపిస్తుందేమోనని చెవి పెట్టి తోలాను. వినిపించలేదు. అయినా మా ఇంటి దూరపు చుట్టాన్ని తోలుతున్నట్టే ఉంది. స్టాండులో అందరికీ ఆ కథ చెప్పాను. ఆ రోజు నుంచి వాళ్లకు నేను జపాను మామను. ఎవరికైనా టైరు పంచరైతే, ఆగింది మామా, యాడో పోగు తెగినట్టుంది అని నవ్వేవాళ్లు.

ఆ బండికి నేను పెట్టిన పని ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఒకచోట లోపలికి తిరిగితే రెండు ఊళ్లు. ముందు కింద ఊరు, దాన్ని దాటితే పై ఊరు. కింద ఊరు ఒక పార్టీ, పై ఊరు ఇంకో పార్టీ. రెండు ఊళ్లలోనూ గోడలకు బాంబుల మచ్చలున్నాయి. పై ఊరి ఆడమనిషికి నొప్పులొస్తే కింద ఊరి మీదుగానే జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి రావాలి, బండి పోయే దారి వేరే లేదు. పై ఊరి బండి కింద ఊళ్లోకి రాకూడదు. వస్తే ఏమవుతుందో రెండు ఊళ్లకూ తెలుసు.

నా బండి వచ్చేది. ఏ పార్టీదీ కాదు గనక వచ్చేది. దానికొక పద్ధతి ఉండేది. కింద ఊరి మొదట్లో ఒక అక్క చిన్న అంగడి పెట్టుకుని ఉండేది. పార్టీ గొడవల్లోనే మొగుడు పోయాడు. ఆ అంగడి ముందు బండి ఆపాలి. అద్దాలన్నీ దించాలి, పొద్దుగూకితే లోపలి లైటు వెయ్యాలి. ఆమె వచ్చి వంగి చూసి, “ఎవురప్పా లోపల?” అని అడిగేది. నేను చెప్పేవాడిని. పలానా వాళ్ల కోడలు, నెలలు నిండినాయి. ఆమె ఒక్కసారి ఆ కోడలి మొగం చూసి, “పో, పో, నిలబడొద్దు,” అనేది. అంతే, ఆ ఊళ్లో ఇక నన్ను ఎవరూ ఆపేవాళ్లు కాదు. సొంత మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి అవతలి పార్టీ కోడళ్లను పంపించేది. నా బండి మీద ఆమెకు అంత నమ్మకం. ఎంతమంది పిల్లలు ఆ దారిన ఇంటికి పోయారో నేను లెక్క పెట్టుకోలేదు. ఆ పిల్లలు ఎదురుపడినప్పుడల్లా ఒకరి పేరైనా నోటికొచ్చేది.

ఇక ఆ రోజు. ఆసుపత్రి బయట చెట్టు కింద బండి పెట్టుకుని ఉన్నాను. లోపల పై ఊరి బాలింత, ఆ పొద్దే ఇంటికి తీసుకుపోవాలి. నలుగురు కుర్రవాళ్లు వచ్చారు. పులివెందుల వైపు నాయకుడి మనుషులు, పై ఊరు ఆయన పార్టీయే. కాన్వాయిలో ఒక బండి ముద్దనూరు దగ్గర చెడి నిలిచిపోయిందట, నా బండి కావాలట. ఇవ్వనన్నాను. ఈ బండికి పార్టీ లేదన్నాను.

“నీ బండి ఆగదంట గదా మామా,” అన్నాడు వాళ్లలో పెద్దవాడు. “నువ్వే గదా ఊరంతా చెప్పుకుంటాండావు. అందుకే వచ్చినాము.”

నేను చెప్పుకున్న గొప్పే నా మెడకు చుట్టుకుంది. చెయ్యి నా జేబులోకి పోయింది. ఎగబడ్డాను. నవ్వుతూనే నన్ను పక్కకు జరిపారు, పెళ్లిలో ముసలి బంధువును జరిపినట్టు.

కాన్వాయి అంటే ముందు బండిలో దారి చూసేవాళ్లు, రెండో బండిలో నాయకుడు, మూడో బండిలో నాటుబాంబులు, వేటకొడవళ్లు. అందుకే దానికి నల్ల ఫిల్ము. ఆ రోజు బాంబు పడలేదు, కొడవలి లేవలేదు. కానీ ఆ కాన్వాయి పోయింది అందరూ చూసే దారిలో. కింద ఊరి వాళ్లు ఆ దారి పక్కనే శనగ చేలల్లో ఉన్నారు.

ఆ సాయంత్రం కిరసనాయిలు, గోళ్లతో ఫిల్ము గీకాను. ఫిల్ము ఊడింది, జిగురు మచ్చలు ఊడలేదు. మర్నాడు బాలింతను, బిడ్డను ఎక్కించుకుని పోతే కింద ఊరి మొదట్లో దారికడ్డంగా బండరాయి ఉంది. అంగడి ముందు ఆపి అద్దాలు దించాను. ఆ అక్క లేవలేదు.

“అక్కా, ఎవురని అడగవా?” అన్నాను.

“అడిగేదేముంది. మూడో బండి నీదే గదా,” అని అవతలికి తిరిగింది.

నా మనసులో మగ్గం అప్పుడే ఆగింది. బాలింతను చుట్టుదారిన, చేలకడ్డంగా ఎడ్లబండి మీద పంపించాల్సి వచ్చింది. తర్వాత పై ఊరి నుంచి నన్ను ఎవరూ పిలవలేదు. వాళ్లు ఏ ఆడమనిషిని ఎట్లా తెచ్చుకున్నారో, ఎవరిని తెచ్చుకోలేకపోయారో నేను తెలుసుకోవాలనుకోలేదు.

నాకు కావలసింది ఒక్క మాట. బండి ఈయన ఇవ్వలేదు, మేమే లాక్కున్నాం. ఆ మాట ఆ అక్కకు ఆ నాయకుడు చెప్పాలి. నేను చెబితే నమ్మదు, ఎందుకు నమ్మాలి? వేముల దాటి ఆయన ఇంటికి పోయాను. కాఫీ ఇప్పించాడు, మామా అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బండికేమైనా అయిందా, డీజిల్ తక్కువ పోసినారా అని అడిగాడు. నేను మగ్గం కథ మొదలుపెట్టాను. “పోగు తెగిందన్నా, ఆపాల, అతకాల,” అన్నాను. ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్పినంత ఆవేశంగా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విని, “శానా చదివినావు మామా,” అని లేచి లోపలికి పోయాడు. మళ్లీ పోయాను. మళ్లీ కాఫీ.

తర్వాత మళ్లీ ఎన్నికలొచ్చాయి, పార్టీలు మారాయి. పై ఊరి నాయకుడూ, అంటే నా బండి లాక్కున్నాయన, కింద ఊరి నాయకుడూ ఒకే పార్టీలో చేరి, ఒకే వేదిక మీద ఒకే రంగు కండువాతో చేతులెత్తారు. పేపర్లో ఫోటో వచ్చింది. రెండు ఊళ్ల వాళ్లు ఆ ఫోటో చూశారు, కానీ ఒకరి మొగాలు ఒకరు చూసుకోలేదు. బండరాయి అక్కడే ఉంది. పైన చేతులు కలిసినంత మాత్రాన కింద పోగులు అతుకుతాయా?

ఆ తర్వాత కొంత కాలానికి స్టాండులో కుర్రవాళ్లు పేపరు పట్టుకుని నన్ను చుట్టుముట్టారు. “మీ జపానోడు గూడా తప్పు చేసినాడంట మామా.” లాక్కుని చదివాను. బండ్లలో లోపముందని లక్షల బండ్లను వెనక్కి పిలిచారట. కంపెనీ పెద్ద, ఆ మగ్గాల వంశం మనిషే, కెమెరాల ముందు నడుము దాకా వంగి క్షమించమన్నాడు. ఫోటో కూడా ఉంది. కుర్రవాళ్లు నా మొగం వాడిపోతుందని చూస్తున్నారు. నాకు ఒళ్లు పులకరించింది.

“చేసినాడు. ఒంగినాడు గూడా. మనోళ్లలో ఒంగినోణ్ణి ఒక్కణ్ణి చూపించు,” అన్నాను. ఆ బండి దారిలో ఎందుకు ఆగదో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆగడం తెలిసినచోట తయారైంది కాబట్టి ఆగదు.

ఆ పేపరు మడిచి మళ్లీ వేముల దారి పట్టాను. ఆయన ముసలివాడయ్యాడు. ఇంటి ముందు వెనకటి జనం లేరు. ఫోటో చూశాడు, చాలాసేపు చూశాడు. “ఈయప్ప ఓట్లకు నిలబడాల్సిన పని లేదు మామా,” అని తిరిగి ఇచ్చేశాడు. ఇక రానని చెప్పి వచ్చేశాను.

ఆ చలికాలం ఆయన మనిషి ఒకడు స్టాండుకు వచ్చాడు. కింద ఊరి నాయకుడు చనిపోయాడు, పలకరించడానికి పోవాలి. తన బండ్లు చూస్తే ఆ ఊళ్లో తలుపులేసుకుంటారని, ఒకప్పుడు ఆ ఊరు పోనిచ్చిన బండి నాదొక్కటేనని ఆయనే అన్నాడట.

“అన్న నీ బండి అడగమన్యాడు,” అన్నాడు ఆ మనిషి.

అడగమన్నాడు. ఆ మాట కోసం నేను ఎంత కాలం కాచుకున్నానో! వస్తాను, కానీ నా పద్ధతిలో అన్నాను. వెనక ఇంకో బండి రాకూడదు. ఆయన ముందు సీట్లో కూర్చోవాలి. అంగడి దగ్గర నేను ఆపుతాను, ఆమె అడిగితే నేను చెప్పను, ఆయనే చెప్పాలి. ఆయన ఒప్పుకున్నాడని కబురొచ్చింది.

బండికి వయసైంది, నాకూ అయింది. పొద్దు వాలుతుండగా కింద ఊరి మొదటికి చేరాం. అంగడి ముందు ఆపాను. అద్దాలు దించాను. లోపలి లైటు వేశాను. ఆ వెలుతురుకు జిగురు మచ్చలు అద్దాల అంచుల్లో కనిపించాయి. పక్కనున్న మనిషి మెడ మీద తువ్వాలు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. అంగడిలో అక్క చేత్తో కళ్లకు నీడ పట్టి చూసింది. లేచింది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా, నడిచి వచ్చింది. వంగింది.

“ఎవురప్పా లోపల?”

ఎన్నేళ్లకు విన్నాను ఆ ప్రశ్న! రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఎదర బండరాయి వైపే చూస్తూ ఊరుకున్నాను. ఆయన ఆమె వైపు తిరిగాడు.

“నేనేక్కా. ఆ పొద్దు ఈ బండిని మూడో బండి జేసింది నేను. ఈ మామ ఇయ్యలే, మావోళ్లు జేబులో చెయ్యి పెట్టి తీసుకున్యారు. అడిగింటే ఇచ్చేటోడు కాదని నాకు తెలుసు, అందుకే అడగలే. తప్పు నాది.”