సంఘానికి దక్కని పల్లవి

కోడుమూరులో మా చర్చికి క్రిస్మస్ పాట కట్టమని నన్ను అడిగింది మా క్వైర్ మాస్టరే. చిన్నప్పుడు హార్మోనియం మీద నా వేళ్లు పట్టి స్వరాలు నేర్పినవాడు. అన్నా అని పిలిచేదాన్ని, సొంత అన్న కంటే ఎక్కువగా నమ్మేదాన్ని.

చరణాలు ముందు నిలబడి పాడే క్వైర్‌కు, పల్లవి ఆరాధనకొచ్చే సంఘానికి అనుకున్నాం. మా సంఘమంటే ముక్కాలు మంది కూలికి పోయే ఆడవాళ్లు. దుమ్ముకు గొంతులు బొంగురుపోయి ఉంటాయి, పై స్వరాలు అందవు. అందుకని వాళ్లతోపాటు శనగ చేలోకి దిగి, కలుపు తీస్తూ పల్లవి పాడించి చూశాను. వంగి పనిచేసే మనిషికి ఊపిరి ఎక్కడ తెగితే అక్కడ మాట విరిచాను. శ్రుతి బాగా దించాను. మా పెద్దమ్మ చర్చిలో నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు. ఆమె కూడా అందుకుంది.

"ఈ తూరి నేనూ పాడతాండా, సూడండి" అని వీధిలో అందరికీ చెప్పుకుంది. చర్చిలో ఆమె గొంతు వినాలని నా ఆశంతా.

"నువ్వు సంఘానికి నేర్పుకోమ్మా, క్వైర్ సంగతి నాకొదిలెయ్" అన్నాడు అన్న. వదిలేశాను.

పండగనాడు ఆరాధనలో ఆయన మైకు పట్టుకుని, పాట కట్టింది నేనేనని పేరు పెట్టి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పొంగిపోయాను, అబద్ధమెందుకు. అంతలో అన్న కర్నూలులో చేయించుకొచ్చిన మ్యూజిక్ ట్రాక్ మొదలైంది. శ్రుతి ఎక్కడికో పైకి పోయింది. పల్లవి కూడా క్వైరే పాడేసింది. పెద్దమ్మ నోరు తెరిచింది, గొంతు అందలేదు, కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతా ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

బయటికి రాగానే నిలదీశాను. "ఏందన్నా ఇది?"

"కర్నూలు నుంచి పాస్టరయ్యగార్లు వచ్చినారు గదమ్మా. వాళ్ల ముందర మనోళ్ల కూతలేం బాగుంటాయి? పేరు నీకే వచ్చె గదా, ఇంకేం కావల్ల?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆయన నవ్వుతూ నా భుజం తట్టి, అయ్యగార్లను భోజనానికి పిలవడానికి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ గేటు దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది. దగ్గరికి పోయాను. ఆమె నా మొహం చూడలేదు.

"మేము పాడితే నీకు సిగ్గాయనా పాపా?"

"నేను కాదు పెద్దమ్మా, అన్న..."

"మైకులో నీ పేరే గదా చెప్పిరి" అంది.