డ్యాష్‌బోర్డు వెనక ఓబుళన్న చెయ్యి

ఈ మధ్యాహ్నం పక్కింట్లో మిక్సీ కాలిపోయింది. తీగ మీది తొడుగు మాడిన ఘాటు కిటికీలోంచి రాగానే గబుక్కున లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లయినా ఆ వాసన వస్తే నాకు ఓబుళన్నే కళ్ల ముందుకొస్తాడు.

ఓబుళన్నకు కదిరి బస్టాండు వెనక కార్లకు కరెంటు పని చేసే షెడ్డు ఉండేది. మాది ధర్మవరం. మగ్గం ఆగిపోయి కదిరి చేరిన రోజుల్లో ఆయన దగ్గర డైనమోలకు రాగితీగ చుట్టే పనికి కుదిరాను. పట్టుపోగులకు అలవాటుపడిన వేళ్లు గనక ఆ పని సులువుగానే వచ్చింది. బండి లోపలి తీగల గుంపు చూస్తే మాత్రం భయం. ఆయన కరెంటు జాడ చూపే టెస్టు ల్యాంపు పట్టుకుని ఒక్కో తీగ వెంట పోతుంటే దూరంగా నిలబడి చూసేదాన్ని.

ఆ వేసవిలో ఒక రైతు పాత అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. వాళ్ల నాయన కారు. చాలాకాలం వేరుశనగ పొట్టు నింపిన కొట్టంలో పడి ఉందట. బయటికి తీశాక, నడుస్తూ నడుస్తూ ఇంజనూ లైట్లూ ఒకేసారి ఆరిపోయేవి, మళ్లీ వాటంతటవే వచ్చేవి. మొన్న ముసలి తల్లిని ఎక్కించుకుని పోతుంటే సరిగ్గా రైలు పట్టాల మీద ఆగిపోయిందట.

ఓబుళన్న ముందు సీటులో వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. నన్ను తాళం తిప్పమన్నాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. లోపల తీగల కట్టను కదిపాడు. దీపం ఆరి, మాడు వాసన గుప్పుమంది. దొరికింది అన్నాడు. ఆ వెంటనే, పానా అందివ్వమన్నంత మామూలుగా అన్నాడు:

"లచ్చిమ్మా, బ్యాటరీ వైరు పీకెయ్. పీకి దూరం పో. ఈడ పాముండాది. కరిసింది."

మాటలు వినబడ్డాయిగాని అర్థం కాలేదు. చేతులే వెళ్లి వైరు పీకాయి. ఆయన మెల్లగా చెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్ల మీద నెత్తురు. తీగల మధ్య మూరెడు రక్తపింజరి. ఎలుకల కోసం చేరి ఉంటుంది.

ఆసుపత్రికి పోతూ ఆటోలో ఆ చెయ్యి నా కళ్ల ముందే ఉబ్బిపోతోంది. ఆయన మాత్రం తీగ గురించి చెబుతున్నాడు. స్టీరింగు కడ్డీకి రాసుకునే చోట ఎలుక తొడుగు కొరికిందట, రాగి కడ్డీకి తగిలినప్పుడల్లా కరెంటు పోతోందట. నాకు కోపం కూడా వచ్చింది. ఇప్పుడు ఆ మాటలెందుకన్నా అన్నాను.

"ఎవురికన్నా చెప్పాల గదమ్మా. ఆ ముసిలామె మళ్లా అదే బండి ఎక్కుతాది."

ప్రాణం దక్కింది. రెండు వేళ్లు తీసేశారు. ఆయన లేనన్నాళ్లూ ఆ కారును ఎవరూ ముట్టలేదు. పాములవాడొచ్చి పామును పట్టుకుపోయాక కూడా నేను దానికి వీపు పెట్టి కూర్చుని తీగ చుట్టుకున్నాను.

గాయం మానాక షెడ్డుకొచ్చిన ఓబుళన్న నేరుగా ఆ కారు దగ్గరికే పోయాడు. టార్చి వేసి సందు సందూ చూశాడు. చూసి, ఆ మూడు వేళ్ల చేతినే అదే చోట పెట్టాడు. నీకేమన్నా పిచ్చా అన్నాను.

"భయాన్ని ఈడ ఇడిసిపెట్టి పోతే, రేపట్నుంచి ప్రెతి బండిలోనూ అదే కూచోనుంటాది." చెయ్యి తీసేశాడు. "మూడు వేళ్లకు తీగ చిక్కడంల్యా. నువ్వు పెట్టు."

పెట్టాను. ఒళ్లంతా చెమట. తొడుగు పోయిన రాగి, తెగిన జరీపోగు కొసల్లా వేళ్లకు గుచ్చుకుంది. ఆయన చెబుతుంటే కొత్త తీగ ముక్క అతికి తొడుగు వేశాను. ఆ సాయంత్రం రైతు తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, ఆమెను ఎక్కించుకుని కారు తీసుకుపోయాడు. రైలు గేటు దాటేదాకా ఓబుళన్న ముందు సీటులోనే కూర్చున్నాడు.

ఆయన పోయాక షెడ్డు నేను నడుపుతున్నాను. ధైర్యస్తురాలినని ఊళ్లో అంటారు. కాదు. ఏ బండి కిందికి వంగినా 'ఈడ పాముండాది' అన్న ఆ మాట చెవిలో పడుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. టార్చి వేసి చూస్తాను. ఒక ఊపిరి తీసుకుని చెయ్యి పెడతాను.