సర్కారు తుమ్మ కంచె

చెట్టు నాటినవాళ్లని లోకం మెచ్చుకుంటుంది. నేను నాటితే మాత్రం ఊళ్లో జనం కాళ్లు పట్టుకున్నారు. నావి కాదు, ఎవరి కాళ్లు వాళ్లే, ముల్లు తీసుకోడానికి.

యుద్ధం రోజులవి. కొత్తగా ఈపూరు దగ్గరి పల్లెకి కాపురానికొచ్చాను. మా ఆయన బడిపంతులు. ఇంటి వెనక దొడ్లో నేను గోంగూర, చిక్కుడు వేశాను. దాన్ని ఆనుకునే చెంచయ్య మామ మిరపచేను. వరసకేం కాడు, ఊరి పిలుపు. ఆయన మేకలు పొద్దున్నే నా గోంగూర మీదికి హాజరయ్యేవి. మా ఆయన బడికి పిల్లలైనా అంత నియమంగా వచ్చేవాళ్లు కాదు.

గురజాల వైపున్న పుట్టింటికి పోయినప్పుడు ఈ గోడు వెళ్లబోసుకుంటే, మా అన్న సర్కారు తుమ్మకాయలు మూటగట్టిచ్చాడు. నీళ్లడగదు, నిండా ముళ్లు, ఆకు మేక ముట్టదు అన్నాడు. అబద్ధమేం కాదు, ఆకు ముట్టలేదు. కాయ సంగతే చెప్పలేదు మా అన్న. నేను దొడ్డి చుట్టూ నాటిన కంచె కాపుకొచ్చాక మేకలు ఆ తియ్యటి కాయల్ని బెల్లం తిన్నట్టు తిని, పోయి మామ చేలో పెంటికలేశాయి. వానలు పడగానే మిరప సాళ్ల నిండా తుమ్మ మొలకలు. కొడితే ఒకటున్నచోట నాలుగు లేచేవి.

తీరా మిరపకాయ పండే వేళకి, కోతకొచ్చిన ఆడవాళ్లు ముళ్లు గుచ్చుకుని మళ్లీ ఆ చేలో అడుగు పెట్టబోమన్నారు. మామ కుంటుకుంటూ మా గుమ్మంలోకొచ్చాడు.

"ఏందమ్మా కోడలా, నువ్వు నాటిందేంది, నా చేలో మొలిచేదేంది?"

"నా దొడ్లో నేను నాటుకున్నా మామా. మోసుకుపోయింది నీ మేకలేగా."

ప్లీడరులా గెలిచాననుకున్నాను. ఆయన కుంటుకుంటూనే పోయాడు. ఆ పంట పోతే వాళ్లింట్లో ఏడాదంతా పస్తులేనని మా ఆయన మెల్లిగా చెప్పాక, తింటున్న కంచం పక్కకి జరిపి లేచాను.

మర్నాడు గునపం తీసుకుని మిరపచేలో దిగాను. మామ భార్య ఆదెమ్మత్త నన్ను ఎగాదిగా చూసి, తనూ పార తెచ్చుకుంది. కొడితే లాభం లేదని వేళ్లతో సహా తవ్వాం. బడి లేని రోజుల్లో మా ఆయనా వచ్చాడు. కొంగు చినిగింది, చేతులు బొబ్బలెక్కాయి, కానీ సాళ్లు శుభ్రమయ్యాయి. కోతవాళ్లు తిరిగొచ్చారు. కళ్లంలో ఎర్రగా కాయ ఆరబోస్తుంటే నాకే పండినంత సంబరమేసింది.

ఇక మిగిలింది నా కంచె. నలుగురం కలిసి పెరికేశాం. ఆఖరి వేరొకటి మా ఇంటి గోడ వైపు పాకితే, మామ దాని వెంటే తవ్వుకుంటూ పోయాడు. గోడకి బారెడు దూరంలో గునపం ఖంగుమంది. మట్టి తుడిచి చూస్తే హద్దురాయి.

మామ రాయిని చూశాడు, నన్ను చూశాడు. అక్కడే చతికిలబడి దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"కోడలా, నీ దొడ్లో కాదే, కంచె నా చేలోనే నాటావు. గోంగూరా నా చేలోనే వేశావు."

ఆదెమ్మత్త మాత్రం, వేసుకుంటే వేసుకోనీలే, ఇగురు వండినప్పుడు మాకో గిన్నె పంపమను, అంది.

అక్కడే, ఆ రాయి మీద చెయ్యేసి ఒట్టుపెట్టుకున్నాను: ఈ జన్మలో "నా దొడ్డి" అని నోరు తెరిచేముందు, నిలబడింది ఎవరి నేల మీదో కనుక్కుంటాను.