నాలుగు వేళ్ల సందు

నరసరావుపేటలో జయకర్ మాస్టారు కారు ఎక్కడ ఆపినా, దిగగానే వెనక్కి వెళ్లి, చక్రానికీ పైరేకుకీ మధ్య నాలుగు వేళ్లూ దూర్చి చూస్తాడు. నాలుగూ దూరితే కారు కుంగలేదని ఆయన లెక్క. పాత సెడాన్ అది. వెనక స్ప్రింగులు కుంగిపోయి, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ కారు అడుగు గీరుకునేది. కంపెనీ స్ప్రింగులు రావడం మానేశాయి. మెకానిక్ యాకూబ్ బయటి కంపెనీల రకాలు రెండు చూపించి మెత్తటివి తీసుకోమన్నాడు. మాస్టారు వినలేదు, గట్టివే వేయించాడు. వేళ్లు సులువుగా దూరాయి. కానీ నడికుడిలో చుట్టాలింటికి వెళ్లొచ్చేసరికి ఆ కుదుపులకి భార్య ఫిలోమినా నడుం పట్టుకుంది. "ఇంక నేను బస్సులోనే వస్తా."

మాస్టారు వెళ్లి యాకూబ్ మీద విసుక్కున్నాడు. "బరువేస్తే మెత్తబడుద్ది మాస్టారూ. ఖాళీ బండికి అయ్యి చానా గట్టియ్యని అప్పుడే చెప్పా గదా" అన్నాడతను. మాస్టారు పెరట్లో మిగిలిన నాపరాళ్లన్నీ డిక్కీలో పేర్చి, ఫిలోమినాను బతిమాలి ఎక్కించుకుని మళ్లీ నడికుడి బయల్దేరాడు. కారు ఊయలలా సాగింది. ఆమెకు కునుకు కూడా పట్టింది. పిడుగురాళ్ల దాటాక స్పీడ్ బ్రేకర్ మీద అడుగు కర్రుమని గీరుకుంది.

"ఏందండీ, మళ్లీ పాత స్ప్రింగులే వేయించారా?"

మాస్టారు దిగాడు. ఈసారి వేళ్లు దూర్చలేదు. డిక్కీ తెరిచి, ఒక్కో రాయీ రోడ్డు పక్కన దించసాగాడు. రెండో రాయి దించేసరికి ఫిలోమినా సంచీ తీసుకుని, వెనక వస్తున్న బస్సుకి చెయ్యెత్తింది.