జాలరిపేటకి అరువిచ్చిన మనవరాలు

మొన్న ఆదివారం కంచరపాలెంలో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్ జరిగింది. అందులో మా హారిక జట్టుని ఓడించింది ఎవరో తెలుసాండీ? నేనే! ఎలాగో వివరంగా చెబుతాను, కంగారు పడకుండా వినండి.

లెక్కల టీచరుగా రిటైరయ్యాక టీవీలో కబడ్డీ లీగ్ వదలకుండా చూస్తున్నాను. చూసి ఊరుకుంటానా? తప్పులు దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది! నెలల తరబడి అందరికంటే పైనున్న జట్టు నాకౌట్లో ఒక్క సాయంత్రం తడబడితే ఇంటికి పోవడమేనా? యూనిట్ టెస్టులన్నిటిలో ఫస్టొచ్చిన పిల్లని, పబ్లిక్ పరీక్ష రోజు జ్వరం వచ్చిందని ఫెయిల్ చేసినట్టు కాదూ? సరే, అది వదిలేయండి. నా అసలు బాధ వేరు. ఫస్టాఫ్‌లోనే ఒక జట్టు బాగా ముందుకెళ్ళిపోయిందనుకోండి, సెకండాఫ్ చప్పగా అయిపోతుంది. మావారు రిమోట్ లాక్కుని వార్తలు పెట్టేస్తారు.

దీనికి నా దగ్గర మందుంది. హాఫ్‌టైమ్‌కి వెనకబడిన జట్టు, ముందున్న జట్టులోంచి ఒక ప్లేయర్ని అరువు తెచ్చుకోవాలి. ముందున్నవాళ్ళు సబ్‌స్టిట్యూట్‌తో సరిపెట్టుకోవాలి. క్లాసులో నేను చేసిందీ అదే. వెనక బెంచీ పిల్ల పక్కన ఫస్ట్ ర్యాంకు పిల్లని కూర్చోబెట్టేదాన్ని. ఇద్దరూ బాగుపడేవాళ్ళు.

టోర్నమెంటు పెట్టిన అప్పలరాజు నా శిష్యుడే. కంచరపాలెంలో వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. ముఖ్య అతిథిగా పిలవడానికి వస్తే, టీతో పాటు ఈ రూలు కూడా ఇచ్చాను.

"బాగుంది టీచర్, కానీ..." అని నసిగాడు.

"కానీ ఏంటి? నిలబడి, చేతులు కట్టుకుని, గట్టిగా చెప్పు."

"ఏటీ లేదు టీచర్. ఫైనల్‌కి పెట్టీద్దాం!"

ఇందులో నా లెక్క ఒకటుంది. హారిక మా అమ్మాయి కూతురు. మా ఇంట్లోనే ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతోంది. ఫైనల్ వాళ్ళ జట్టుకీ, జాలరిపేట జట్టుకీ. జాలరిపేట పిల్లల మీద మావాళ్ళు ఎప్పుడూ గెలవలేదు. ఈసారైనా ఆ కప్పు తేవాలని హారిక రోజూ తెల్లవారకుండానే లేచి బీచ్‌లో పరిగెత్తింది. హాఫ్‌టైమ్‌కి ఎలాగూ వెనకబడేది మావాళ్ళే. అవతలి కెప్టెన్ నూకరత్నాన్ని అరువు తెచ్చుకుంటారు. కప్పు ఇంటికొస్తుంది. లెక్క సరిపోయింది!

మైకు పట్టుకుని రూలు వివరించాను. అర్థం కానివాళ్ళ కోసం మళ్ళీ వివరించాను. నూకరత్నం చెయ్యెత్తింది.

"ఎవులినైనా అడగొచ్చా టీచరమ్మా?"

"మంచి ప్రశ్న. ఎవరినైనా అడగొచ్చు."

ఆట మొదలైంది. ఏం జరిగిందనుకుంటున్నారు? హారిక పూనకం వచ్చినట్టు ఆడింది! కూతకి వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకర్ని అవుట్ చేసే వచ్చింది. హాఫ్‌టైమ్‌కి మావాళ్ళే ముందు! నేను ఒకటే చప్పట్లు. మావారు పల్లీలు నమలడం ఆపి నావైపు తిరిగారు.

"ఇంతకీ ఇప్పుడు అరువు అడిగేది ఎవరంటావ్?"

నా చప్పట్లు ఆగిపోయాయి.

అప్పటికే నూకరత్నం నా ముందుంది. "మాకు హారిక కావాల. ఇచ్చీండి."

"తొందర పడకు. బాగా ఆలోచించుకో అమ్మా" అన్నాను, ఎంతో ఓపికగా.

"ఆలోసించీసినాం. రూలు మీదే కదేటి?"

గ్రౌండంతా గొల్లున నవ్వింది. హారిక మాత్రం నవ్వలేదు. "అమ్మమ్మా, ఏదైనా చెప్పు!" అంది. ఏం చెప్పను? మైకులో అంతసేపు విడమరిచి చెప్పిందాన్ని!

"రూలంటే రూలే తల్లీ. మనసు పెట్టి ఆడు."

జాలరిపేట జెర్సీ తొడుక్కుని నిజంగానే మనసు పెట్టి ఆడింది మహాతల్లి! స్కోరు సమమైంది. మిగిలింది ఆఖరి కూత. పక్కనుంచి రైలు కూత పెట్టుకుంటూ పోతున్నా ఎవరూ తల తిప్పలేదు. హారిక వెళ్ళింది. తన ప్రాణ స్నేహితురాలు శిరీష భుజం తాకింది. నలుగురు మీద పడుతున్నా వదిలించుకుని గీత దాటేసింది. కప్పు జాలరిపేటకి!

నూకరత్నం హారికని అమాంతం ఎత్తుకుని గ్రౌండంతా తిప్పింది. హారిక ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేసింది. అప్పలరాజు పరిగెత్తుకొచ్చాడు.

"జనం ఆఖరిదాకా కదల్లేదు టీచర్! వచ్చే ఏడూ ఇదే రూలు!"

"మీ టీచరుకి ఇంకో రూలు తట్టేలోపు ఆటో పిలువు నాయనా" అన్నారు మావారు.

ఇంటికొచ్చాం. అన్నం దగ్గర హారిక తీర్పు చెప్పింది.

"రూలు మంచిదే అమ్మమ్మా. ఆట అదిరిపోయింది. చిన్న మార్పు చాలు. అరువు ఎవరిని ఇవ్వాలో ముందున్న జట్టే తేల్చాలి."

నా ప్రాణం లేచొచ్చింది. "శభాష్! అదీ న్యాయం! అయితే ఎవర్నిస్తారే?"

"నిన్ను. వచ్చే ఏడు మా జట్టులో నీ పేరు కూడా ఉంటుంది. లీడ్‌లోకి రాగానే నిన్ను వాళ్ళకిచ్చేస్తాం. ఇక కప్పు మాదే!"

అప్పట్నుంచీ పొద్దున్నే సాధన చేస్తున్నాను. వంటింట్లో "కబడ్డీ కబడ్డీ" అని అందుకుంటే హాల్లో సోఫా దాకా ఊపిరి సరిపోతోంది. ఇంకా ఏడాది టైముంది, గుమ్మం దాకా వెళ్ళగలనన్న నమ్మకం ఉంది. పాపం, జాలరిపేట వాళ్ళకి మరీ భారం కాకూడదు కదండీ!