మిరపకాయలు చూసి కొన్న ఇల్లు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఇల్లు మాది కాకముందే, అసలు మాది అవుతుందని ఎవరూ అనుకోకముందే, దాని మేడమీద గదిలో కూర్చుని నేనొక లావుపాటి నవల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేశాను. పదకొండు సాయంత్రాలు పట్టింది. అప్పటికి ఆ గదికి తలుపు కూడా బిగించలేదు.

సింగరాయకొండలో బడిలో ఉద్యోగం వచ్చాక, ఒక ఇంటి వెనకవైపు చిన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ మంచి మనిషి. కానీ నా చేతిలో పుస్తకం కనపడితే ఆవిడకి ఉండబట్టేది కాదు. “ఏమ్మాయ్, ఉద్యోగం వచ్చినా పరీక్షలేనా?” అనేది. కాదండీ, ఊరికే చదువుతున్నాను అంటే, “ఊరికే ఎవరన్నా చదువుతారా!” అని పక్కనే కూర్చుని తన చెల్లెలి కొడుకు సంబంధం సంగతి ఎత్తుకునేది. నేను ఎవరికీ ఎదురు చెప్పలేను. తల ఊపుతాను. నా డైరీలో మాత్రం ఆవిడకి ఎన్నో గొప్ప జవాబులు చెప్పాను.

బడి నుంచి వచ్చే దారిలో, ఊరికి తూర్పు కొసన, ఒక మేస్త్రి అమ్మకానికి ఇల్లు కడుతున్నాడు. కింద మూడు గదులు, బయట నుంచి మెట్లు, పైన ఒకే ఒక్క గది. పనివాళ్ళు అయిదింటికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు ఎందుకో మెట్లెక్కాను. తూర్పున కిటికీ, దాని కింద కూర్చోవడానికి సరిపోయే దిమ్మె, పక్కగోడలో నేల నుంచి పైదాకా అయిదు అరలు. సముద్రం అక్కడికి దగ్గరేమీ కాదు. అయినా తాడిచెట్ల వెనక సన్నటి నీలం గీత కనపడింది. అది సముద్రమో, మబ్బో, నా కళ్ళజోడు మీద మరకో ఈ రోజుకీ తేల్చుకోలేదు. నేను మాత్రం సముద్రమనే రాసుకున్నాను.

ఆ గది నాది కావాలనిపించింది. అంతకుముందు దేనిమీదా అంత ఆశ పుట్టలేదు నాకు. మా ఊళ్ళో ఇంటినిండా మిరపకాయలే. వసారాలో బస్తాలు, మంచాల కింద బస్తాలు. నా పుస్తకాల ట్రంకుపెట్టె కూడా ఆ బస్తాల మధ్యే ఉండేది కాబట్టి ఏ పుస్తకం తెరిచినా ముందు నాలుగు తుమ్ములు. కథ చదివి ఏడుస్తున్నానో, ఘాటుకి ఏడుస్తున్నానో మా అమ్మకి ఎప్పుడూ తెలిసేది కాదు. అది నాకు సదుపాయంగానే ఉండేదనుకోండి.

నాన్న అప్పటికే గుంటూరు బ్రాడీపేటలో ఫ్లాటు చూస్తున్నాడు. రెండేళ్ళు వరసగా మిరప కలిసొచ్చింది, ఇల్లంటూ కొంటే గుంటూరులోనే అనేవాడు. “నాన్నా, ఇక్కడ ఒక కొత్త ఇల్లుంది” అన్న మాటని డైరీలో ఆరు రకాలుగా రాసి, అన్నిటికన్నా చిన్నదాన్ని ఎంచుకుని, ఫోన్లో గబగబా చెప్పేశాను. నేను నోరు తెరిచి ఒకటి కావాలనడం ఆయన వినడం అదే మొదలు.

“సముద్రం గాలి తగిలే ఊళ్ళోనా? గోడలు నీళ్ళు తాగుతాయమ్మాయ్,” అన్నాడు. మళ్ళీ తనే, “సరే, శనివారం వస్తాం,” అన్నాడు.

వచ్చేటప్పుడు చేతిలో గుడ్డసంచి ఉంది. అమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళి గట్టు ఎత్తు నడుముతో కొలుచుకుంది. నాన్న గదిగదికీ తిరిగి గోడల్ని వేలి కణుపులతో కొట్టి చూశాడు. మేస్త్రి వెనకాలే తిరుగుతూ ఇసుక ఎక్కణ్ణించి తెచ్చాడో, సున్నం ఎన్ని పూతలు వేశాడో చెబుతున్నాడు. అంతా విని నాన్న సంచి విప్పాడు. నిండా ఎండు మిరపకాయలు. ఒకటి తీసి మేస్త్రి చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజలు గలగలమన్నాయి.

“వినపడిందా? ఇట్టా మోగితే తేమ లేనట్టు. ఒక్కో గదిలో గుప్పెడు పెడతా. తెల్లారుజాము మంచు కూడా చూశాక నీ గోడలు ఏపాటివో అవే చెబుతాయి.”

మేస్త్రి నవ్వాపుకోలేకపోయాడు. “అన్నగారూ, వాస్తు పంతుల్ని తెచ్చినోళ్ళని చూశా, ఇంజనీరుని తెచ్చినోళ్ళని చూశా. మిరపకాయల్ని తెచ్చింది మీరేనండీ!”

“పంతులికి సంభావనియ్యాలి. వీటికక్కర్లా,” అన్నాడు నాన్న.

నాలుగు గదుల్లో నాలుగు కాగితాలు పరిచి గుప్పెడేసి కాయలు పోశాడు. అప్పటికి మేడమీద గదికీ తలుపు బిగించారు. తాళం వేసి తాళంచెవి నాకిచ్చాడు. “మా అమ్మాయి దగ్గరుంటే నా దగ్గరున్నట్టే,” అని మేస్త్రితో అని, అమ్మని తీసుకుని ఒంగోలులో పెళ్ళికి వెళ్ళాడు. ఆదివారం పది గంటలకల్లా వస్తామన్నారు.

ఆదివారం ఆరింటికే నేను ఆ ఇంటిముందున్నాను. చూసి వచ్చేద్దామని, అంతే. ముందు గదిలో ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. చప్పుడు లేదు. రెండోది వంచితే విరగకుండా వడలిన బెండకాయలా వంగింది. కిందా అంతే, మేడమీదా అంతే. కిటికీలోంచి నా నీలం గీత కనపడుతోంది. ఇంకో నాలుగు గంటల్లో అది బ్రాడీపేటలో ఎదురింటి గోడ అయిపోతుంది.

ఆ తర్వాత నేను చేసిన పని నా బుద్ధి చేసింది కాదు. నా కాళ్ళు చేశాయి. పోర్షన్‌కి పరుగెత్తి, అమ్మ ఇచ్చిన డబ్బాలో మిరపకాయలన్నీ పెనం మీద పోసి సన్నటి సెగ పెట్టాను. గింజలు మోగేదాకా వెచ్చచేస్తే చాలనుకున్నాను. కంగారులో సెగ ఎప్పుడు పెంచానో తెలియదు. ఒక్కసారిగా ఘాటు లేచింది. నేను దగ్గాను. గోడకి అవతల ఇంటావిడ దగ్గింది. ఆవిడ భర్త దగ్గాడు. వీధిలో పాలు పోయించుకుంటున్న ఎవరో కూడా దగ్గారు.

“ఏం చేస్తున్నావమ్మాయ్!” అని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంటావిడ వచ్చింది.

“పచ్చడండీ.”

“ఎవరికి? ఊరందరికా?”

జన్మలో మొదటిసారి ఆవిడకి ఎదురుగా నవ్వేశాను. ఏడుస్తూ, దగ్గుతూ, నవ్వుతూ కాయలు సంచిలో పోసుకుని మళ్ళీ పరుగు. నాలుగు గదుల్లోనూ మెత్తటివి తీసి కరకరలాడేవి పోశాను. మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికగా ఉంది. పెద్ద దొంగతనం చేసినవాళ్ళకి ఇంత హాయిగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పదింటికి అందరూ వచ్చారు. నాన్న ముందు గదిలో ఒక కాయ తీసి ఆడించాడు. గలగల. రెండో గదిలో గలగల. మూడు, నాలుగు, అన్నీ గలగల. అమ్మ మొహం విప్పారింది. మేస్త్రి ఛాతీ ఉప్పొంగింది. నాన్న కిందికి దిగి, వరండాలో కరెంటు మీటరు పెట్టె మీద చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు కాయలు తీశాడు. ఆయన అవి అక్కడ పెట్టినట్టు మాలో ఎవరికీ తెలియదు. ఒకటి వంచాడు. వడలిన బెండకాయ.

“బయట మెత్తగా ఉండాయి, లోపల కరకరలాడుతుండాయి. ఇదేందయ్యా మేస్త్రీ, ఇల్లు కట్టావా, బట్టీ కట్టావా?”

“మన పనితనం అట్టాంటిది అన్నగారూ!” అన్నాడు మేస్త్రి, పాపం.

“పనితనమా? ఇంకో తాళంచెవి నీ దగ్గరుందా లేదా?”

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. “ఉంటే? మీ మిరపకాయలు మార్చానంటారా? గోడ కట్టి బతికేవాణ్ణి, గోల్‌మాల్ చేసి కాదు. నా ఇల్లు ఎవరికో ఒకరికి అమ్ముకుంటా. మీరు బయల్దేరండి.”

“బయల్దేరుతాం. ఆగమన్నా ఆగం!”

“రండి,” అంది అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని. “గుంటూరులోనే చూసుకుందాం.”

“నేనే మార్చాను,” అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. వాళ్ళు గేటు దాకా వెళ్ళిపోయారు. మేస్త్రి అటు తిరిగి తలుపు మూస్తున్నాడు. చెయ్యని తప్పుకి ఆయన మాట పడ్డాడు, ఇల్లు పోతోంది, రెండూ నావల్లే.

“నేనే మార్చాను! పెనం మీద వేయించి మార్చాను!”

బడిలో పిల్లలమీద కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఎదురు స్థలంలో మేస్తున్న గేదె తలెత్తి చూసింది.

“ఏందే?” అంది అమ్మ.

నాన్న వెనక్కి వచ్చి ఒక కాయని విరిచి వాసన చూశాడు. ఆయన మొహంలో కోపం కన్నా బాధ ఎక్కువుంది. “తేజ రకం కాయని పెనం మీద మాడ్చావా? కోసి, ఎండబెట్టి, తొడిమ తొడిమా ఏరి నీకు పంపితే?”

అందరికన్నా ముందు మేస్త్రి నవ్వాడు. మెట్టు మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. “టీచరమ్మా, మీరసలు మాట్లాడతారా? రోజూ ఈ దారిన పోతుంటే మూగవారనుకున్నానండీ!”

“ఎందుకు చేశావమ్మా?” అన్నాడు నాన్న.

“మేడమీద గది కావాలి. నాకు,” అన్నాను. ఆరు రకాలుగా రాసుకోని మాట అది.

ఆయన వచ్చి మెట్టు మీద మేస్త్రి పక్కనే కూర్చున్నాడు. “పిచ్చిమొహమా, ఈ గాలికి కాయ మెత్తబడకుండా ఎట్టా ఉంటదే? అన్నీ మెత్తబడతాయని నాకు తెలుసు. బయట ఉన్నదానికన్నా ఏ గదిలో ఎక్కువ మెత్తబడిందో చూద్దామని పెట్టా. ఆ గదిలో నీళ్ళున్నట్టు. అన్నీ ఒక్కలాగా వేయించి పెడితే ఇంకేం తెలుసుద్ది?” తర్వాత మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. “తప్పు మాటన్నా. మనసులో పెట్టుకోబాకు.”

“ఈసారి తాళంచెవులు రెండూ మీ జేబులోనే పెట్టుకోండన్నగారూ,” అన్నాడు మేస్త్రి. “టీచరమ్మ దగ్గర మాత్రం వద్దు.”

సంచిలో మిగిలిన కాయలతో పరీక్ష మళ్ళీ జరిగింది. ఆ రోజు అమ్మానాన్నా నా పోర్షన్‌లోనే ఉండిపోయారు. పచ్చడి ఎంత కలిపానో చూద్దామని ఇంటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. సోమవారం పొద్దున చూస్తే మూడు గదుల్లో కాయలు బయటివాటి లాగే ఉన్నాయి. స్నానాలగది పక్కనున్న గదిలోవి మాత్రం పిండితే నీరు కారేట్టున్నాయి. నాన్న వేలితో ఒకచోట చూపించాడు. మేస్త్రి తనే సుత్తి తీసుకుని ఆ గోడ పగలగొట్టాడు. లోపల పైపు అతుకు దగ్గర సన్నగా చెమరుస్తోంది.

“రెండేళ్ళు పోతేగాని బయటపడేది కాదిది,” అని మేస్త్రి నాన్న అరచేతిలోంచి ఒక మిరపకాయ తీసి జేబులో వేసుకున్నాడు. “ఇకమీద నేను కట్టే ప్రతి ఇంట్లోనూ పెడతానండీ.”

పైపు మార్చి, గోడ ఆరాక, నాన్న ఇంకొక్కసారి గుప్పెడు కాయలు పెట్టి చూసి సరే అన్నాడు. రిజిస్ట్రేషన్ అయిన వారానికి పాలు పొంగించాం. అమ్మ కొత్త గట్టు ముందు నిలబడి, పాలు గిన్నె అంచు దాటగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మేస్త్రి కుటుంబమంతా వచ్చి భోంచేశారు. నేను ఆ రోజు మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. పైకెళ్ళడానికి ప్రతిసారీ ఏదో ఒక పని కల్పించుకున్నాను. ఆఖరికి ఏ పనీ దొరక్క ఉత్త చేతులతోనే ఎక్కాను.

సాయంత్రం రైలుకి అమ్మానాన్నా బయల్దేరారు. గేటు దగ్గర ఆటో ఆగింది. అమ్మ ఎక్కి కూర్చుంది. నాన్నతో ఏదో ఒకటి అనాలనుంది. రాసుకునుంటే అనేదాన్ని. ఆయన మేడ వైపు ఒకసారి తలెత్తి చూసి, చెప్పుల్లో కాళ్ళు సర్దుకుంటూ అన్నాడు:

“మేమొచ్చినప్పుడు కిందే పడుకుంటాంలే. నువ్వు పిలిస్తేనే పైకొస్తాం.”